ఒకటి, అయిదు, నాలుగు, ఎనిమిది

గాలి లేచింది. లేవకూడదనుకున్న రోజునే లేస్తుంది ఈ పాడుగాలి, అనుకుంది ఆర్డిత్, షెడ్డు గుమ్మంలో మడతకుర్చీ వేసుకుని, ఒళ్ళో చేతిసంచీ, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని. పది కావడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. పదకొండుకి వస్తానని రాశాడు అన్న లైల్. నెవాడాలోని టోనోపాలో తెల్లారగట్ల బయల్దేరితే పదకొండుకి లాంకాస్టర్ చేరొచ్చు, తిన్నగా వస్తే, దారిలో ఎక్కడా ఆగకపోతే, ఆగాల్సిన అవసరం రాకపోతే. డెబ్భై ఏడేళ్ళవాడు ఒక్కడే, వెనకాల ట్రక్కు మీద అంత బరువైన ఇంజను, మోహావీ దగ్గర అడ్డంగా కొట్టే గాలి. ఆ గాలికి లారీలే పక్కకి ఒరిగి పడుకుంటాయి. అలా పడుకున్న లారీ ఫొటో ఒకటి పేపర్లో చూసింది, మొన్ననా, కాదు, పోయినేడు, లేక మొగుడు వర్నన్ బతికున్నప్పుడా? ఫొటోలో చక్రాలు ఆకాశం కేసి ఉన్నాయి, తిరగేసిన బొద్దింకకి కాళ్ళున్నట్టు. వద్దు, అది తలచుకోకు. ఒకటి, అయిదు, నాలుగు, ఎనిమిది. ఆరు, మూడు, ఏడు, రెండు. భయం వేసినప్పుడల్లా ఆమె నాలుక మీదికి వచ్చే అంకెలివి. ఎనిమిది సిలిండర్ల ఆ ఇంజన్లో నిప్పురవ్వ ఏది ముందు, ఏది తర్వాత అందుకోవాలో చెప్పే వరస. ఇతరులు జపమాల తిప్పుతారు, ఈమె ఇది తిప్పుతుంది. ఇంజను లేని కారు పెట్టుకుని నలభై ఒక్క ఏళ్ళుగా ఇంజను వరస వల్లిస్తోందంటే వినేవాళ్ళు నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. వర్నన్‌కి కూడా. వర్నన్‌కి తెలిసే ఉంటుంది. పక్కన పడుకున్నవాడికి పెదాల కదలిక తెలియకుండా పోతుందా?

"అమ్మా, ఆ సంచీలో ఏదో బాంబున్నట్టు పట్టుకున్నావేంటి? లోపల పెట్టుకోవచ్చుగా," అంది నొరీన్, కప్పీ గొలుసు లాగి చూస్తూ. నలభై తొమ్మిదేళ్ళ కూతురు, మోచేతుల దాకా నల్లటి గ్రీజు. "ఇక్కడే ఉండనీ," అంది ఆర్డిత్. నొరీన్ మళ్ళీ గొలుసు అందుకుంది. సంచీలో కళ్ళజోడు, రుమాలు, లైబ్రరీ కార్డు, అడుగున మైనంకాగితంలో చుట్టిన బొటనవేలంత ముక్క ఒకటి. ఆ ముక్కే ఈ ఉదయమంతా బరువుగా ఉంది. తూకం వేస్తే కోడిగుడ్డంత కూడా రాదు.

ఎదురుగా కారు. పంతొమ్మిది వందల ముప్పై రెండో సంవత్సరపు ఫోర్డు, రెండు తలుపులది, ముదురు ఎరుపు, ఎండలోకి తీస్తే వంకాయరంగు పులుముకునే ఎరుపు. అంతా ఉంది, దీపాలు, అద్దాలు, ఆమె తన కుట్టు మిషను మీద కుట్టిన సీట్లు, అన్నీ. బానెట్ ఎత్తి పక్కన పెట్టిన ముందుభాగం మాత్రం బోసిగా, పళ్ళన్నీ పీకించుకుని కొత్త పళ్ళ కోసం డాక్టరు దగ్గర కూర్చున్న మనిషి నోరులా. కప్పు తక్కువ ఎత్తు. నాన్న కోసి దించాడు దాన్ని, అచ్చంగా నాలుగంగుళాలు. కిటికీల పైన చుట్టూ సుద్దగీత గీసి, రంపంతో కోసి, పైది ఎత్తి పక్కన పెట్టి, స్తంభాలు పొట్టి చేసి మళ్ళీ అతికించాడు. ఆమెకి తొమ్మిదేళ్ళు. తల తీసేసిన కారు పెరట్లో నాలుగు రోజులు అలాగే ఉంటే, దానికి నొప్పి పుడుతుందేమోనని రాత్రి దుప్పటి కప్పి వచ్చింది. తెల్లారి నాన్న ఆ దుప్పటి చూసి ఏమీ అనలేదు. దాన్ని మడిచి సీట్లో పెట్టాడు. ఆయన మాటలు తక్కువ మనిషి, ఓర్విల్. అమ్మ వెళ్ళిపోయిన వారానికే ఆ రంపం చేతబట్టాడు.

అమ్మ బస్సెక్కింది. టల్సాలో చెల్లెలికి బాగాలేదంది, అల్ఫాల్ఫా గడ్డి రెండో కోతకల్లా వచ్చేస్తానంది. బస్సు మెట్టు మీద నిలబడి టోపీ సర్దుకుంది, వెనక్కి చూడడానికనే తిరిగింది, కానీ అప్పుడే ఆర్డిత్ చెప్పు తాడు ఊడితే కట్టుకోవడానికి వంగింది. తల ఎత్తేసరికి బస్సు కదిలిపోయింది. ఆ చెప్పు తాడు! దానికి డెబ్భై నాలుగేళ్ళు నిండిన ఈ మనిషి ఇప్పటికీ సంజాయిషీ చెప్పుకుంటోంది. రెండో కోత అయింది, మూడో కోత అయింది, గడ్డిమోపులు కట్టారు, అమ్మ రాలేదు. క్రిస్మస్‌కి ఒక కార్డు వచ్చింది, దాని మీద మంచు పడ్డ ఇల్లు బొమ్మ. అంతే. ఆ తర్వాత చాలా రోజులు పెద్దవాళ్ళు ఇంజన్ల గురించి మాట్లాడుకుంటుంటే ఆర్డిత్ చెవులు రిక్కించేది. బండి కదలకుండా చెయ్యాలంటే చక్రాలు ఊడదీయక్కర్లేదు, అన్నాడు ఒకసారి నాన్న లైల్‌తో, కారు దొంగల గురించి చెబుతూ. ఈ బుడ్డి మూత ఎత్తి లోపల తిరుగుతూ నిప్పురవ్వ పంచే రోటర్ అనే ఈ ముక్క తీసి జేబులో వేసుకో, దేవుడు దిగొచ్చినా స్టార్ట్ కాదు. అది విన్న పిల్లకి ఏం తోచిందో ఎవరికి తెలుసు? ఆ బస్సుకీ ఇలాంటి బుడ్డి ఉండే ఉంటుంది. ఆ మూత ఎత్తడం ముందే తెలిసుంటే.

బడి పద్నాలుగో ఏట మానేసింది, ఇల్లు చూసుకోవడానికి. చదువు తనంత తనే నేర్చుకుంది, లైబ్రరీ వ్యాను వచ్చే గురువారాల్లో, ఏది దొరికితే అది, కోళ్ళ రోగాల పుస్తకం దగ్గర్నుంచి. ఇంజన్ల పుస్తకం కూడా అలాగే వచ్చింది చేతికి, ఎవరో తిరిగి ఇవ్వడం మర్చిపోయి అయిదేళ్ళ తర్వాత ఇచ్చింది. అందులో ఆ వరస ఉంది. ఒకటి, అయిదు.

పదింబావు. ఇంకా రాలేదు, ఎందుకు వస్తాడు, ముప్పావుగంట ఉందిగా. "నొరీన్, ఫోన్ చూడు." "చూశానమ్మా. మావయ్య దగ్గర సెల్లు లేదన్నావు నువ్వే." "అయినా చూడు." ఇదీ తన బుద్ధి. మోగని ఫోన్‌ని కూడా అనుమానిస్తుంది.

డెబ్భై ఒకటో సంవత్సరం, అక్టోబరు, ఆదివారం. నాన్న పోయి ఎనిమిది నెలలు. కారు మీ ఇద్దరిదీ అని పోయాడాయన, ఎలా పంచుకోవాలో చెప్పలేదు, అది ఆయన రెండో మౌనం. లైల్‌కి ముప్పై ఆరు, ఆరడుగుల రెండంగుళాలు. ఆ దించిన కప్పు కింద మెడ పక్కకి వంచి కూర్చునేవాడు కొంగలాగా. ఎల్ మిరాజ్ ఎండు సరస్సు మీద ఆ ఆదివారం పందెం. నాన్న అక్కడ గంటకి నూట పద్దెనిమిది మైళ్ళు తోలి, ఆ అంకె చెక్కిన ఇత్తడి రేకు తెచ్చి డాష్‌బోర్డుకి బిగించాడు. లైల్‌కి నూట ఇరవై అయిదు కావాలి. అంతకు రెండు వారాల ముందే అక్కడ ఒక కుర్రాడు తిరగబడిపోయాడు, ఆ సంగతి ఆమె పేపర్లో చదివింది, ఆ కుర్రాడి పేరు ఇప్పటికీ గుర్తుంది, కానీ తలచుకోదు. వెళ్ళకు, అంది. వెళ్తానన్నాడు. వెళ్ళొద్దు లైల్, అంది. "నాన్న వెళ్తే ఏం కాలేదు, నేనెళ్తే ఏమవుతుందే పిచికా," అని బుగ్గ గిల్లాడు. శనివారం సాయంత్రం అందరూ బీన్సు తింటుండగా ఆమె షెడ్డుకి పోయి మూత ఎత్తి ముక్క తీసింది. వంటింట్లోకి వచ్చి పిండి డబ్బాలో, పిండి అడుగున పాతిపెట్టింది. చెయ్యి మణికట్టు దాకా తెల్లగా అయింది. పొద్దున్న లైల్ మీట నొక్కాడు, నొక్కాడు, నొక్కాడు. ఇంజను గిర్రున తిరిగి ఊరుకుంటోంది తప్ప అందుకోవడం లేదు. దిగొచ్చాడు. మూత ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఏదీ?" అన్నాడు. ఆమె చెప్పొచ్చు ఆ క్షణాన. డబ్బా వైపు ఒక్క చూపు చూస్తే చాలు. చెప్పలేదు. "అల్ఫాల్ఫా పొలంలో విసిరేశాను," అంది. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని ఆమెకే తెలియదు. లైల్ మూడు రోజులు ఆ పొలంలో వంగి వెతికాడు, నడుం ఎత్తు గడ్డిలో, మోకాళ్ళ మీద. ఆమె వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉంది. నాలుగోరోజు కప్పీ తెచ్చి ఇంజను పీకి ట్రక్కులో పెట్టుకున్నాడు. "సగం నాది. ఆ డొక్కు నువ్వుంచుకో, అందులో పిచికలు పెంచుకో," అని వెళ్ళిపోయాడు. ఎక్కడికీ వెళ్ళకూడదని ఆపింది, శాశ్వతంగా పంపించేసింది. ఈసారి చెప్పు తాడు కూడా ఊడలేదు, అంతా కళ్ళారా చూసింది. అయినా ముఖం గుర్తులేదు, ట్రక్కు వెనక ఊగే గొలుసు ఒక్కటే గుర్తుంది.

ఇంజను లేని కారుని ఏం చేస్తారు? అమ్మెయ్యమన్నారు. వర్నన్ మాత్రం, పెళ్ళయి అప్పటికి పదేళ్ళు, చేతిలో ఉప్పుకాగితం పట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ముందు నేల చూద్దాం," అన్నాడు. నేలరేకు తుప్పుపట్టి జల్లెడైంది. అది మార్చడానికి ఒక చలికాలం. తర్వాత కుడి మడ్‌గార్డు రెక్క. తర్వాత డిక్కీ. ఏడాదికి ఒక భాగం, కొన్నేళ్ళు అదీ లేదు, నొరీన్‌కి పళ్ళకు తీగలు కట్టించిన ఏడు, వర్నన్‌కి వెన్ను పట్టేసిన రెండేళ్ళు. నాన్న కప్పు కోసి అతికించిన చోట్ల చీలికలు వస్తే సీసం పోశారు. సీసం పని ఆర్డిత్‌దే. వర్నన్ చేతికి ఓపిక లేదు. కడ్డీని మంటకి చూపిస్తూ ఉంటే ఒక్క క్షణం వెన్నలా మెత్తబడుతుంది, అప్పుడే తేనెమైనం రాసిన చెక్కగరిటెతో పామెయ్యాలి, కేకు మీద క్రీము రాసినట్టు. ఆ క్షణం దాటితే కారి నేలపాలు. ఎప్పుడూ ఏదో జరిగిపోతుందని గుండె దడదడలాడించుకునే మనిషి, ఆ క్షణం కోసం మాత్రం కదలకుండా నిలబడగలిగేది. అప్పుడొక్కటే భయం ఉండేది కాదు. పాతకార్ల క్లబ్బు మగాళ్ళు వచ్చి, "ఆర్డిత్ అమ్మా, కొత్త ఇంజను ఒకటి పడేస్తే వచ్చే ఆదివారానికల్లా బజార్లో తిప్పొచ్చు," అనేవాళ్ళు. "దీనికి ఇంజనుంది," అనేది. "ఎక్కడ?" "ఉంది." వాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. వర్నన్ బానెట్ మొదలుపెట్టాడు, పాతది ఎప్పుడో పోయింది. రేకుని సుత్తితో కొట్టి కొట్టి, రెండు చలికాలాలు, నాన్న ఇంజను ఎత్తు ఇంతని ఆమె జ్ఞాపకం నుంచి చెబితే గోడ మీద సుద్దగీత పెట్టుకుని, దానికి సరిపోయేలా. అది ముగించిన ఏడే పోయాడు. ఎడమ తలుపు మీద చిన్న సొట్ట ఒకటి మిగిలింది, రేపు చూద్దాం అన్నాడు. నొరీన్ సరిచేస్తానంటే ఆర్డిత్ ఒప్పుకోలేదు. రంగు కూడా ఆ సొట్ట మీద నుంచే వేశారు. వేలు పెడితే తెలుస్తుంది, కంటికి తెలియదు.

ఇన్నేళ్ళూ పందేల సీజన్లో పేపరు వచ్చిందంటే ఆమె ముందు ప్రమాదాల వార్తలున్న పేజీయే తీసేది. నెవాడా మనిషి, అని ఉంటే కళ్ళు మూసుకుని తెరిచి మళ్ళీ చదివేది. ఆ ఇంజనుకి లైల్ కొత్త ముక్క కొని వేసుకునే ఉంటాడు, ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, కాఫీ ఖర్చు కూడా కాదు. వేరే కారులో దాన్ని పెట్టి ఎక్కడో ఎండు నేల మీద దుమ్ము లేపుతూనే ఉంటాడు. తను దాచింది ఒట్టి ముక్క. వారం వారం బిస్కెట్లకి పిండి తీసేటప్పుడు వేళ్ళకి తగిలే మైనంకాగితం పొట్లం. డబ్బా మూడుసార్లు మారింది, పొట్లం మారలేదు. ఇవాళ చూపిస్తే నవ్వుతాడేమో. నవ్వితే నవ్వనీ. నవ్వకుండా, ఆ రోజు చూసినట్టు చూస్తే? మళ్ళీ గొలుసు బిగించుకుని ఇంజనుతో సహా వెనక్కి తిప్పితే? సంచీ మీద చేతులు బిగిశాయి. చెప్పకపోతేనేం. ఎవరికి తెలుసు. పొలంలో పారేసినదాన్ని పొలంలోనే ఉండనిస్తే, ఇద్దరు ముసలాళ్ళు ఇంజను దింపుకుని, బీన్సు తిని, ఒకసారి ఈ కార్లో కూర్చుంటే చాలదూ? ఇంకా మిగిలింది ఏడెనిమిదేళ్ళు, మహా అయితే, ఇద్దరికీ. మార్చిలో వచ్చింది కార్డు, వంకర అక్షరాలు. "ఇంజను తయారైంది. చేతులు వణుకుతున్నాయి, ఇక బోల్టు పట్టవు. డొక్కు ఉందా? లైల్." ఆమె జవాబు రాయడానికి పదకొండు కాగితాలు చింపింది. పన్నెండో దాని మీద, "ఉంది. రా." అంతే రాసింది.

పదకొండూ పది. పదకొండున్నర. ఒకటి, అయిదు, నాలుగు, ఎనిమిది. గాలి షెడ్డు రేకుల్ని తడుతోంది. బిస్కెట్లు చల్లారిపోయాయి. ఏదో అయింది, అయ్యే ఉంటుంది, రమ్మని రాసింది తనే, ఆపడమూ తనే, పిలవడమూ తనే, ఆరు, మూడు.

"అమ్మా. లే."

జాషువా చెట్ల అవతల దుమ్ము, దుమ్ములోంచి నీలం ట్రక్కు, తిన్నగా, నాలుగు చక్రాలూ నేల మీదే. మడతకుర్చీ వెనక్కి పడింది. ట్రక్కు గుమ్మం ముందు ఆగి, తలుపు తెరుచుకుని, ముందొక కాలు, చాలాసేపటికి రెండోది దిగాయి. వంగిపోయాడు. ఆ కప్పు కింద ఇప్పుడు హాయిగా పడతాడు, అన్న ఆలోచన ఎక్కడినుంచో వచ్చింది.

"అరగంట లేటు," అంది.

"నలభై ఒక్క ఏళ్ళకి అరగంట లెక్కేంటే," అన్నాడు లైల్. టోపీ తీసి, పెట్టుకుని, ఆమె వైపు కాకుండా కారు వైపు నడిచాడు. చుట్టూ తిరిగాడు. కప్పు అతుకుల మీద వణికే అరచేయి ఆనించి చివరంటా లాగాడు. "ఎవరిదీ సీసం పని?"

"నాదే."

"ఊఁ," అన్నాడు. ఆ ఒక్క అక్షరం ఆమె దాచుకుంది. ఎడమ తలుపు దగ్గర అతని వేలు ఆగింది. "ఇక్కడ సొట్ట ఉందే."

"అది ఉండాలి."

అతను తల ఊపి, వేలు తీసేశాడు.

నొరీన్ అప్పటికే ట్రక్కు ఎక్కి గుడ్డ తీసేసింది. చెక్కపీట మీద ఇంజను, అద్దంలా మెరుస్తోంది, ఒక్క మరక లేదు. నొరీన్ ఈల వేసింది, తర్వాత ఈల మధ్యలో ఆగిపోయింది. టేపు తీసి కొలిచింది, షెడ్డులోకి పరుగెత్తి గోడ మీద సుద్దగీత కొలిచింది, మళ్ళీ వచ్చింది. "మావయ్యా, తాతయ్య పెట్టిన కార్బ్యురేటర్లు రెండు కదా? మూడేంటి ఇవి? పైగా ఈ గొట్టాలేంటి ఇంతెత్తు? బానెట్ మూసుకోదు!"

"రెంటితో ఇంటికెళ్తుంది, మూడుతో ఎగురుతుంది," అన్నాడు లైల్ గర్వంగా. "అయినా బానెట్ ఎవడు పెట్టమన్నాడు మిమ్మల్ని? నాన్న ఎప్పుడైనా బానెట్ పెట్టి నడిపాడా?"

"రెండు చలికాలాలు కొట్టాడు మా ఆయన!" ఆర్డిత్ గొంతు ఆమెకే తెలియనంత పైకి లేచింది. "ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం తెలీదా నీకు?"

"నీకు తెలుసా మరి? ఈ ఎరుపేంటి? నాన్న రంగు నలుపు! ఆ సీట్లేంటి, చర్చికా?"

నొరీన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి పకపకా నవ్వేసింది. "బావుంది. ఒకళ్ళు అక్కడ సగం, ఒకళ్ళు ఇక్కడ సగం, ఒకళ్ళకొకళ్ళు చెప్పకుండా బాగుచేస్తూనే ఉన్నారు, ఇప్పుడు రెండు సగాలూ ఒకదానికొకటి పట్టవు. ఇలాంటి పని మన ఇంట్లోనే జరగాలి." నవ్వుతూనే దిగి, బానెట్‌ని రెండు చేతుల్తో ఎత్తి షెడ్డు గోడకి ఆనించింది, మెల్లగా, తండ్రి బొమ్మ ఆనించినంత మెల్లగా. "ఇక్కడ ఎదురుగా ఉంటుంది నాన్నది. ఇంజను కనపడుతూ వెళ్తుంది బండి. సరేనా?"

గాలి కాస్త తగ్గింది. ఇప్పుడడగాలి, అనుకుంది ఆర్డిత్, అడక్కపోతే ఇక లేదు. "ఎన్నిసార్లు తోలావు దాన్ని, పందేల్లో?"

లైల్ ఆమె ముఖం కేసి మొదటిసారి చూశాడు. కళ్ళు నాన్నవి. ట్రక్కు అంచు పట్టుకుని, ఇంజను ముందువైపు నిలబడ్డ నల్లటి బుడ్డి మూత క్లిప్పులు తీశాడు, ఒకటి, రెండు. మూత ఎత్తాడు. లోపల సన్నని ఇరుసు, తళతళలాడుతూ, దాని మీద ఏమీ లేదు.

"రోటర్ నువ్వు తీశావుగా," అన్నాడు. "దేంతో తోలను?"

"ఎక్కడైనా దొరుకుతుంది కదా! ఏ షాపులోనైనా—"

"దొరుకుతుంది."

"మరి?"

"కొనుక్కోలేదు." అతను మూతని చొక్కా అంచుతో తుడిచాడు, తుడవక్కర్లేదు. "మూడు రోజులు వెతికాక అర్థమైంది. దారపు ముక్క పారెయ్యవు నువ్వు, బుట్టలో చుట్టి పెట్టుకుంటావు. అది నువ్వు పారేసుండవు. ఎప్పుడో ఒకప్పుడు పంపుతుందిలే అనుకున్నా. పంపలేదు. సరే, ఈలోగా మిగతాది చేద్దామనుకున్నా."

ఒక్కసారి కూడా అందుకోలేదు ఆ ఇంజను. పేపరు తెరిచినప్పుడల్లా, ప్రతి నెవాడా మనిషి దగ్గరా, ఆ కళ్ళు మూసుకోవడాలన్నీ, దానికోసమా? ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకటే గొట్టంలోంచి వస్తున్నట్టయింది. సంచీ తెరవబోతే జిప్పు ఇరుక్కుంది, నొరీన్ సాయం రాబోతే చెయ్యి తోసేసింది. మైనంకాగితం విప్పింది. గోధుమరంగు ముక్క, పైన ఇత్తడి రేకు, పగుళ్ళలో తెల్లగా పిండి.

"ఎక్కడ దాచావే?"

"పిండి డబ్బాలో."

"ఛీ! ఆ వారమంతా నీ బిస్కెట్లు తిన్నాను నేను!"

ఆమె దాన్ని నోటితో ఊది, రుమాలుతో తుడిచి, ఇరుసు మీద పెట్టింది. గాడి చూసుకుని నొక్కింది, టక్కుమంది. సీసం పట్టిన క్షణంలా ఉంది, భయం లేదు. లైల్ చేతులు వణుకుతున్నాయని నొరీన్ పానా అందుకుని, ప్లగ్గులన్నీ విప్పి, ఇంజను కిందున్న చిన్న చక్రానికి పానా తగిలించి నెమ్మదిగా తిప్పింది. రోటర్ కదిలింది. పెట్రోలు లేదు, నిప్పు లేదు, చప్పుడు లేదు. చిన్న ఇత్తడి నాలుక ఒక్కో సిలిండరు వైపూ తిరిగి, ఆగినట్టే ఆగి, ముందుకి పోతోంది.

"వరస గుర్తుందా నీకు?" అన్నాడు లైల్.

ఆర్డిత్ జీవితంలో మొదటిసారి పైకి చెప్పింది, ఇద్దరు మనుషుల ముందు. ఒకటి. అయిదు. నాలుగు. ఎనిమిది. అతను గొంతు కలిపాడు, కాస్త వెనకపడుతూ, ఆరు, మూడు. ఏడు. రెండు. నొరీన్ ఇంకొంచెం తిప్పింది, ఇత్తడి నాలుక ఒక చుట్టు పూర్తిచేసి బయల్దేరిన చోటికి వచ్చింది, ఆమె ఆగకుండా, ఊపిరి కూడా తీసుకోకుండా అంది, "మళ్ళీ ఒకటి."